నల్లమ్మికి తీసిన దిష్టి

“అలగ కాదు బాబూ, ముందా కడ్డీ పట్టుకో, అప్పుడు కాలెయ్యి. తల వంచు. ఇది టాటానగర్‌ల తిరిగే కరెంటు ఇంజను కాదు, నిటారుగా నిలబడితే పైరేకు నెత్తిమీద మొట్టుద్ది. ఆ, అక్కడ కూకో. బొగ్గు మీద గోనె పరిసేను, బట్టలకేటీ అంటుకోదు. అంటుకుంటే మాత్రం ఏటి, ఉతుక్కోవా?”

కూర్చున్నాను. అంటుకుంది. నూకమ్మక్క అది చూసి సంతోషించింది.

ఆమె చేతిలో చింతపండు ముద్ద, ఎదురుగా ఇంజను తాలూకు ఇత్తడి ఈల. మాట్లాడుతూనే తోముతోంది, తోముతూనే నవ్వుతోంది. పోయిన ఆదివారం ఇక్కడ ఏం జరిగిందో ఇక్కడి తెలుగువాళ్ళ బస్తీ సీతారాండేరాలో చాలామంది నాకు చెప్పబోయారు. ఒక్కరూ పూర్తి చేయలేదు. గుమ్మడికాయ దాకా రాగానే నవ్వు ఆపుకోలేక ఎక్కడివాళ్ళక్కడ కూలబడిపోయేవారు. ఇంతకీ ఆమెకి ఇంజను మీద ఆ పని దక్కిందా లేదా అని అడిగితే, ఉండమని చేత్తో సైగ చేసి మళ్ళీ అదే నవ్వు. ఇలా కాదని, శుక్రవారం మధ్యాహ్నం ఇంజను షెడ్డుకే వచ్చాను.

“దక్కిందా నేదా, అదే కదా నీకు కావాలి,” అంది నూకమ్మక్క. “సెప్తాను. వరసగా సెప్తాను. ముందే సెప్పీసేననుకో, నువ్వు లేసి ఎల్లిపోతావు.”

ఈ బండి సంగతి తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. సీతారాండేరా దాటాక సువర్ణరేఖ ఏటి గట్టు వెంట సన్నటి రైలుపట్టాలు ఉన్నాయి. ఒక పట్టా మీద నిలబడి కాలు చాపితే రెండో పట్టా మీద పడుతుంది, అంత దగ్గర. వాటి మీద గోడల్లేని పెట్టెలు రెండు, ముందు ఒక ఆవిరింజను. అది ఒకప్పుడు ఎక్కడో ఇనుపరాయి గనిలో తొట్లు లాగిందట. గని మూతబడ్డాక తెచ్చి ఒక తోటలో దిమ్మ మీద నిలబెట్టారు. పిల్లలు దాని వీపు మీద జారుడుబల్ల ఆడారు, కాకులు పొగగొట్టంలో సంసారాలు పెట్టాయి. చివరికి రైల్వేలో రిటైరైనవాళ్ళు, ఇంజన్ల పిచ్చి ఉన్న కుర్రవాళ్ళు కలిసి పాతబండి సమితి అని ఒకటి పెట్టుకుని, దాన్ని కిందికి దించి, పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించి, ప్రాణం పోశారు. ఇప్పుడు ఆదివారాలు జనాన్ని ఎక్కించుకుని గట్టు చివర మామిడితోట దాకా పోయి వస్తుంది. హిందీవాళ్ళు దాన్ని ఛుట్కీ, అంటే చిట్టిది, అంటారు. మన తెలుగు ఆడవాళ్ళు నల్లమ్మి అంటారు. బోర్డు మీద అసలు పేరేదో ఉంది గాని ఎవరూ చదవరు.

నూకమ్మక్క పుట్టింది నౌపడా దగ్గర. ఆమె చిన్నతనంలో గుణుపురం పోయే చిన్నరైలు అచ్చంగా ఇలాంటి సన్నపట్టాల మీదే పోయేది, ఇలాంటి పొగే వదిలేది. పిల్లలంతా దానితో పాటు పరిగెత్తేవారు. అది ఎంత నిదానంగా పోయేదంటే ఒక్కోసారి పిల్లలే గెలిచేవారు. గెలిచిన ఆనందంలో నోరు తెరుచుకుని చూస్తే కంట్లో బొగ్గు నలుసు పడేది. ఏడ్చుకుంటూ ఇంటికి పోతే తల్లి కొంగు ముడిని ఊది కంటికి వెచ్చగా అద్దేది, రెండో చేత్తో వీపు మీద ఒకటి ఇచ్చేది. పెళ్ళయి ఇటు వచ్చింది. భర్త పోలరాజు టాటానగర్‌లో గూడ్సు బండ్లు నడిపేవాడు, కరెంటు ఇంజన్ల మీద. ఆమె సీతారాండేరాలో బొగ్గుల పొయ్యి పెట్టుకుని ఇడ్లీ, వడ వేసి అమ్మింది. కూతురు శ్వేతని చదివించింది. బిర్సానగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. పోలరాజు రిటైరయ్యాక ఇడ్లీబండి మానేసి ఈ షెడ్డు పక్కన టీ క్యాంటీను పెట్టింది. నల్లమ్మికి మొదటిసారి ఆవిరి పట్టించిన రోజున క్యాంటీనులో పాలు పొయ్యి మీద ఉన్నాయి. ఈల మోగింది.

“అంతే బాబూ. పాలు పొంగిపోనాయి, గిన్నె మాడిపోనాది, నాను ఇక్కడ. ఎలగొచ్చేనో నాకే తెల్దు. ప్రేమ్‌కుమారు పైన నిలబడి, టీ తెచ్చేవేటమ్మా అన్నాడు. టీ నేదు, నాకు ఈ పని కావాలన్నాను.”

ప్రేమ్‌కుమార్ ఈ బండి డ్రైవరు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, కుర్రతనంలో ఆవిరి బండ్ల మీద పనిచేసినవాడు, నవ్వడం ఆరోగ్యానికి మంచిది కాదనుకునే రకం. ఏ పని అని అడిగాడట. బొగ్గేసే పని అంది ఆమె. చీకటితో లేచి రావాలి, పొయ్యి రాజెయ్యాలి, బూడిద లాగాలి, మసి పులుముకోవాలి, ఇంత చేసీ తిట్లు తినాలి, అన్నాడతను. ఇవన్నీ ఇంట్లో అలవాటైనవే, ఇక్కడైతే ఈల కూడా ఉంది, అంది ఆమె.

సమితివాళ్ళు నవ్వారు గాని కాదనలేదు. చీకటితో లేచి వచ్చేవాళ్ళు వాళ్ళలో ఎవరూ లేరు మరి. ఒకటే షరతు. బాయిలరు దగ్గర ఎవరు నిలబడాలన్నా, ప్రభుత్వం తరఫున బాయిలర్లు తనిఖీ చేసే సాహెబు వచ్చి, పక్కన నిలబడి, కళ్ళతో చూసి, సరే అనాలి. ఆయన సరే అంటే నూకమ్మక్క ఈ బండికి ఫైర్‌మ్యాన్. కాదంటే మళ్ళీ టీ గిన్నె.

“అప్పట్నించి నా పేనం ఇందులోనే ఉండిపోనాది,” అని పొయ్యి తలుపు వైపు గడ్డంతో చూపించింది.

బొగ్గు సంగతి తనకి తెలియనిదేముంది అనుకుంది పాపం. అన్నేళ్ళు బొగ్గుల పొయ్యి ముందు కూర్చున్న మనిషి. మొదటి రోజు పార నిండా తీసి, ఇడ్లీ పొయ్యిలో పోసినట్టే మధ్యలో కుప్ప పోసి, చేతులు దులుపుకుని, చూడండి అన్నట్టు నిలబడింది. ఇడ్లీ పొయ్యి అయితే కాసేపటికి కణకణలాడేది. నల్లమ్మి దగ్గింది. దాని గొట్టంలోంచి తారులాంటి పొగ లేచి, గాలివాటుకి గట్టు దిగి, బస్తీలో ఆరేసిన బట్టలన్నిటి మీదా తీరిగ్గా పరుచుకుంది. సీతారాండేరా ఆడవాళ్ళకి పెద్దదిక్కు అసిరమ్మ, ఇడ్లీబండి నాటి పొరుగామె, కొడుకు చొక్కా ఒకటి పట్టుకుని గట్టెక్కి వచ్చింది. ఇది తెల్లచొక్కా అని ముందు చెప్పింది, చెప్పకపోతే తెలియదు కనుక. “ఇదేసుకుని ఆడు డ్యూటీకెల్లాలా, దొంగతనానికెల్లాలా? నువ్వే సెప్పొలే,” అంది. నూకమ్మక్క జవాబు చెప్దామని నోరు తెరిచింది. పళ్ళు తప్ప ఆమెలో తెల్లగా ఏమీ మిగల్లేదు. అది చూసి అసిరమ్మ చొక్కా మాట మరిచిపోయి, అక్కడే బొగ్గుల మీద కూర్చుని నవ్విందట.

ఇంజను పొయ్యి తీరు వేరు. పలచగా చల్లాలి, మాటిమాటికీ చల్లాలి, మూలలకి ముందు, మధ్యకి చివర. పార తలుపు అంచుకి తగలకూడదు, తగిలితే బొగ్గంతా కాళ్ళ మీదే. అదీ ఊగుతున్న బండిలో. ప్రేమ్‌కుమార్ నేర్పాడు, తిట్టాడు, మళ్ళీ నేర్పాడు. అది చాలక ఆమె బిర్సానగర్ ఇంటి పెరట్లో ఇటుకలతో నల్లమ్మి పొయ్యి అంత గూడు కట్టుకుంది. దాని ముందు అడుగు ఊడిన బకెట్టు ఒకటి అడ్డంగా పెట్టి, ఇదే తలుపంది. గులకరాళ్ళే బొగ్గు. ఊగడం నేర్చుకోవడానికి చెక్క కింద ఇనుప గొట్టం పెట్టి దాని మీద నిలబడింది. పడింది. మళ్ళీ ఎక్కింది. శ్వేత కాసిడీహ్ బడిలో పిల్లలకి లెక్కలు చెబుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల్లి చెక్క మీద ఊగుతూ బకెట్టులోకి రాళ్ళు విసురుతూ ఉండేది. “అమ్మా, తుమ్ సచ్‌మే పాగల్ హో గయీ హో,” అనేది శ్వేత, నీకు నిజంగానే పిచ్చి పట్టింది అని. అవును గాని మూలకి పడిందా లేదా చూసి చెప్పమనేది తల్లి.

పోలరాజుకి మాత్రం ఇది గిట్టలేదు. ఆయన లెక్కలో ఇంజనంటే వెనక కనుచూపు మేర వ్యాగన్లు ఉండాలి, చివరి వ్యాగను మలుపు తిరిగేసరికి ముందున్నవాడు ఇంకో జిల్లాలో ఉండాలి. ఇదేమో చక్రాలున్న టీ కెటిల్. అంతటితో ఊరుకోక, క్యాంటీను ముందు జనమంతా ఉండగా ఒట్టు పెట్టుకున్నాడు.

“అందరూ ఇనండి. నా పెళ్ళాం బొగ్గేసే బండి నానెక్కను. నా కాలు దాని మెట్టు మీద పడదు.”

“మెట్టు కూడా అదే మొక్కుకుంటంది మావా,” అంది నూకమ్మక్క.

చెప్పడం ఆపి, ఈలను పైటచెంగుతో తుడిచి, అందులో తన ముఖం చూసుకుంది. తరవాత కొంచెం మెత్తబడి భర్త తరఫున కూడా ఒక మాట చెప్పింది. “మీ బావ మంచోడే బాబూ. పనంటే పేనం పెడతాడు. రైలుపట్టా మీద ఎవుడైనా నూనె సుక్క ఒలికించేడా, కొట్టడానికెల్లీవోడు. పట్టా అంటే అన్నం తినే కంచంలాగుండాలనీవోడు. అలాటోడు...” అని, ఇక చెప్పలేక, తల ఆవిరి వదిలే రెగ్యులేటరు పిడికి ఆనించుకుని నవ్వింది. నేను ఆగాను. ఆమె నవ్వు అయ్యేదాకా ఆగడం ఈ షెడ్డులో అందరికీ అలవాటే.

సాహెబు పేరు సూర్యప్రకాష్. ఆదివారం పొద్దున్నే వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదగా మాట్లాడే మనిషి, పని కాకుండా టీ కూడా తాగనన్నాడు. అప్పటికే అసిరమ్మ తన దండుతో గట్టు మీద ఉంది. నల్లమ్మి ముఖానికి పసుపు రాశారు, వేపమండలు కట్టారు, నిమ్మకాయ మిరపకాయల దండ వేలాడదీశారు, కొబ్బరికాయలు కొట్టారు. సాహెబు పక్కకి తప్పుకుని చోటిచ్చాడు. విశ్వకర్మ పూజనాడు ఈ ఊళ్ళో మరమేకు కూడా బొట్టు పెట్టించుకుంటుంది, ఆయనకేం కొత్త? ప్రేమ్‌కుమార్ ఒక్కటే మాట చెప్పాడు. ఇంజనుకి ఏమైనా చేసుకోండి, పట్టాల మీద మాత్రం ఏమీ పడకూడదు. అసిరమ్మ అమ్మతల్లి మీద ఒట్టేసింది.

తరవాత అందరూ వెనక పెట్టెల దగ్గరికి, ఎవరు ఏ వరసలో కూర్చోవాలన్న గొడవలోకి వెళ్ళిపోయారు. ఇంజను ముందు కాసేపు ఎవరూ లేరు.

“నువ్వు కూకున్నకాడే నిలబడ్డాడు సాహెబు,” అంది నూకమ్మక్క. “ఆయన ప్యాంటుకీ అంటుకున్నాది. నానైతే మాటిమాటికీ పైట దోపుకుంటన్నాను. పొయ్యి మాత్రం దివ్యంగా ఉంది, పెళ్ళికూతురి ముక్కుపుడకలాగ మెరిసిపోతంది. ఆవిరి సూపించే ముల్లు సూత్తే ఎర్రగీత దగ్గర. ప్రేమ్‌కుమారు ఈల కొట్టేడు, పిడి లాగేడు. నల్లమ్మి భుస్సుమంది. సక్రాలు గిర్రుమన్నాయి. బండి కదల్లేదు.”

చక్రాలు తిరుగుతున్నాయి, పొగగొట్టం ఢమఢమలాడుతోంది, గట్టంతా అదిరిపోతోంది. పెట్టెల్లో జనం బండి బయల్దేరిందనుకుని చేతులూపారు. గట్టు మీద జనం కూడా చేతులూపారు. కాసేపు అలా ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకున్నారు. చెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ప్రేమ్‌కుమార్ ఆవిరి కట్టేసి, మళ్ళీ వదిలాడు. మళ్ళీ అదే. సాహెబు ఏమైందో చూద్దామని బయటికి వంగి ముందు చక్రం వైపు చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. చక్రం కింద నుంచి ఎర్రటి నీరు కారుతోంది, తెల్లటి కండ ముక్కలు పట్టాకి అతుక్కుని ఉన్నాయి. కౌన్ కటా, ఎవరు పడ్డారు, అని అడిగాడు. నూకమ్మక్క ఇటువైపు నుంచి వంగి చూసింది. కండ ముక్కలకి గింజలున్నాయి.

“ఎవరూ కాదు సాబ్,” అంది. “కద్దూ.” గుమ్మడికాయన్నమాట.

లారీ కొన్నా, ఆటో కొన్నా మనవాళ్ళు చేసేదే. దిష్టిగుమ్మడికాయకి గాటుపెట్టి కుంకం దట్టించి పగలగొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. తారురోడ్డు మీద రబ్బరు చక్రానికి ఆ పద్ధతి నప్పుతుంది. ఇనుపపట్టా మీద ఇనుపచక్రానికి గుమ్మడిగుజ్జు వెన్నతో సమానం. పైగా ఈ పని చేసినవాళ్ళెవరో ఆషామాషీగా చేయలేదు. పగిలిన ముక్కలు పక్కకి పోకుండా ఏరి, రెండు పట్టాల మీదా సమంగా సర్ది, ప్రతి చక్రం ముందూ ఒక నిమ్మకాయ కుదురుగా పెట్టారు. ఎంత భక్తి ఉంటే అంత జాగ్రత్త.

అందరూ అసిరమ్మ వైపు తిరిగారు. ఆమె రెండు చేతులూ ఎత్తి చూపించింది. పచ్చగా ఉన్నాయి. తనది పసుపు చెయ్యి, ఆ కాయకి పట్టించింది కుంకం, కాబట్టి కుంకం చెయ్యి ఎవరిదో వెతుక్కోమంది. జనం ఒకరి చేతులొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. సాహెబు కూడా, ఎందుకైనా మంచిదని, ఒకసారి తన చేతులు చూసుకున్నాడు.

అప్పుడు నీళ్ళ ట్యాంకు వెనక ఒక స్కూటరు కనబడింది. స్కూటరు వెనక పోలరాజు. పొద్దున సాక్చీ బజారుకి చేపలకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయల్దేరిన మనిషి. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. చొక్కా జేబు మీద ఒక గుమ్మడి గింజ అతుక్కుని ఉంది.

అంతమందిలో, ఇంజను పైనుంచి, నూకమ్మక్క అడిగింది. “మావా, సేపలు దొరికేయా?”

పోలరాజు ముందు ఆకాశం చూశాడు. తరవాత ఏరు చూశాడు. ఇంక చూడడానికేమీ లేక భార్యని చూశాడు.

“అంతమంది కళ్ళూ నీ మీదే ఉన్నాయి కదే,” అన్నాడు. “మరి నానేటి సెయ్యాలి?”

నవ్వు ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. అసిరమ్మ దండు ఒకరి మీద ఒకరు వాలిపోయారు. పెట్టెల్లో జనానికి సంగతి తెలియదు, తెలియకుండానే నవ్వారు. గట్టు మీంచి బొమ్మ తీస్తున్న శ్వేత ఫోను ఊగిపోయింది. ఆమె తీసిన బొమ్మలో సగం ఆకాశమే ఉంది. ప్రేమ్‌కుమార్ గొంతులోంచి ఖాళీ కుళాయిలోకి నీళ్ళొచ్చేటప్పటి చప్పుడు ఒకటి వచ్చింది. అతనికి గుండెపోటనుకుని నూకమ్మక్క హడలిపోయింది. నవ్వట అది.

అయితే అంతా నవ్వుతున్నప్పుడు నల్లమ్మి ఊరుకోదు కదా. బయల్దేరడానికని పొయ్యి భగభగమని తయారుచేసి ఉంచారు, బండి మాత్రం నిలబడే ఉంది. ముల్లు ఎర్రగీత మీదికి పాకుతోంది. గీత దాటితే పైన సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరంతా ఆకాశం పాలు, ఎగజిమ్మే రొదకి పిల్లలు జడుసుకుంటారు. పోనీ పొయ్యి చల్లార్చేస్తే, పట్టా బాగయ్యేసరికి బండి లాగడానికి సత్తువుండదు. ఇలాంటప్పుడు కింద గాలిమూత కొద్దిగా దించాలి, పొయ్యి తలుపు కాస్త తెరిచి ఉంచాలి, బాయిలరులోకి గుటకగుటకగా చన్నీళ్ళు పంపాలి, గాజుగొట్టంలో నీటిమట్టం మీంచి చూపు తిప్పకూడదు. నూకమ్మక్క ఇవన్నీ చేసింది. చేసినట్టు ఆమెకి గుర్తులేదు.

“నవ్వుతానే ఉన్నాను బాబూ. కళ్ళంట నీళ్ళు, కడుపుల నొప్పి, నిలబడలేకపోతన్నాను. సేతులు మాత్రం వాటి పని అవి సేసుకున్నాయి. నన్నడగనేదు.”

చక్రం జారకుండా పట్టా మీద పోయడానికి ఇంజనులో ఇసుకపెట్టె ఉంటుంది. తీస్తే ఇసుక తేమకి రాయిలా బిగిసిపోయి ఉంది. ఏం చేద్దామని సమితివాళ్ళు చర్చ పెట్టబోతుంటే, దీనికి చర్చ దేనికి, జిడ్డు గిన్నె ఎలా తోముతారో అలాగే అంది అసిరమ్మ. నూకమ్మక్క పొయ్యి కింద నుంచి బూడిద లాగి బకెట్టుతో అందించింది. కొట్టిన కొబ్బరికాయల పీచు అక్కడే ఉంది. అవి రెండూ పోలరాజు చేతిలో పెట్టారు.

ఎన్నో ఏళ్ళు గూడ్సు బండ్లు తోలిన మనిషి గొంతుక్కూర్చుని, కొబ్బరి పీచుతో, బూడిదతో, రైలుపట్టా తోమాడు. చుట్టూ ఆడవాళ్ళు నిలబడి, అన్నయ్యా అక్కడ ఇంకా జిడ్డుంది, అన్నయ్యా అంచుల్లో వదిలేశావు, కాస్త వంగి తోమాలి అని సాయం చేశారు. ఇంట్లో ఒక్క గ్లాసు కడగని చేతులని నూకమ్మక్క పైనుంచి అందరికీ తెలియజేసింది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, బాగా తోమాడట. పట్టా అద్దంలా మెరిసిందట. నిమ్మచెక్కలన్నీ ఏరి ఒక పక్కన పెట్టారు.

మళ్ళీ ఈల. మళ్ళీ పిడి. చక్రం ఒకసారి తడబడి, పట్టా దొరకబుచ్చుకుంది. నల్లమ్మి కదిలింది. ఈసారి చెట్లు కూడా కదిలాయి.

ఎందుకైనా మంచిదని ప్రేమ్‌కుమార్ ఆ వేళ బండిని మనిషి నడిచేంత నిదానంగా పోనిచ్చాడు. పోలరాజు ఎక్కలేదు. ఒట్టు ఒట్టే. అయితే ఉండిపోనూ లేదు. చేతుల నిండా కుంకం, బూడిద పులుముకుని, ఇంజను పక్కనే గట్టు వెంట నడిచాడు. ఎవరడిగినా, చక్రాలు చూస్తున్నాను, ఏదో తేడాగా ఉంది అన్నాడు. మామిడితోట దాకా చూశాడు. తోటలో ఇంజను నీళ్ళు తాగుతున్నంత సేపూ చూశాడు. తిరిగి వచ్చేదాకా చూశాడు. నూకమ్మక్క మూలలకి ముందు, మధ్యకి చివర, లెక్క తప్పకుండా వేసింది. ఒక్కసారి మాత్రం, ఆయన చక్రాలు మాని తలెత్తి తనవైపు చూసినప్పుడు, పార అంచుకి తగిలి బొగ్గంతా సాహెబు బూట్ల మీద పడింది. సాహెబు పాదాలు కొంచెం పక్కకి జరుపుకున్నాడు.

షెడ్డుకి వచ్చాక ఆయన దిగి చేతులు కడుక్కున్నాడు. అప్పుడు టీ అడిగాడు. ఆయన ఒక్కో గుక్కా చప్పరిస్తూ తాగుతుంటే, అంతసేపూ నవ్విన జనం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆమె పార పట్టుకునే ఉంది, కింద పెడితే ఎవరో పట్టుకుపోతారన్నట్టు. సాహెబు గ్లాసు కింద పెట్టి, ప్రేమ్‌కుమార్‌తో హిందీలో, తాపీగా అన్నాడు. “సబ్ హస్ రహే థే. ఏ భీ హస్ రహీ థీ. పర్ ఇన్‌కా హాథ్ నహీ రుకా.” అందరూ నవ్వారు, ఈమె కూడా నవ్వింది, చెయ్యి మాత్రం ఆగలేదు అని. బండి పోతున్నప్పుడు ఎవరైనా వేస్తారు, ఆగిపోయినప్పుడు పొయ్యిని ఎలా పట్టుకుంటారో చూడ్డం తనకెప్పుడూ కుదరదని, ఇవాళ గుమ్మడికాయ పుణ్యమా అని కుదిరిందని కూడా అన్నాడట. తరవాత ఆమె వైపు తిరిగి తల ఊపాడు. సరే అని.

అసిరమ్మ అరిచిన అరుపుకి ఏటవతల కొంగలు లేచాయని చెబుతారు. పోయేముందు సాహెబు ప్రేమ్‌కుమార్‌ని పక్కకి పిలిచి మెల్లగా ఏదో అడిగాడు. ఆయన ఈమధ్యే కొత్త కారు కొన్నాడు. నిమ్మకాయలేమైనా మిగిలాయా అని.

“మిగలకేటి,” అంది నూకమ్మక్క. “నాలుగు సక్రాలకీ పెట్టి తొక్కించి పంపించేం.”

ఈల తోమడం అయిపోయింది. పైకప్పు రేకు కంతలోంచి పడ్డ ఎండ దాని మీద తగిలి క్యాబంతా పచ్చటి వెలుగు. ఆమె దాన్ని యథాస్థానంలో బిగించి, వేళ్ళు పైటకి తుడుచుకుని, నాకు ఎదురుగా బొగ్గు మీద చతికిలబడింది. గోనె కూడా వేసుకోలేదు. ఎల్లుండి ఆదివారం ఆమె అసలు డ్యూటీ. మొన్నటిలా నడక కాదు, నల్లమ్మిని పరిగెత్తిస్తానని ప్రేమ్‌కుమార్ మాటిచ్చాడు.

పోలరాజు బావ వస్తాడా అని అడిగాను.

ఆయన ఆ రోజు నుంచీ ఇల్లు కదల్లేదట. వీధిలో కూరలబండి వస్తే చాలు, తలుపేసుకుంటున్నాడు. కాని నిన్న సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి పెరట్లో ఠంగుమని చప్పుడు. చూస్తే ఆయన చెక్క మీద నిలబడి ఊగుతూ, ఆ బకెట్టులోకి గులకరాళ్ళు విసురుతున్నాడు. ఆమెను చూసి దిగిపోయి, బకెట్టుకి తుప్పు పట్టింది అన్నాడు. ఆమె కూడా, అవును పట్టింది అంది. ఇద్దరూ లోపలికి వెళ్ళి అన్నం తిన్నారు.

“ఎక్కాలనుంది బాబూ ఆయనకి. ఊరందరి ముందు ఒట్టెట్టుకున్నాడు, ఎలగెక్కుతాడు? నాను రమ్మంటే అస్సలు రాడు. బతిమాలుకుంటే మరీ రాడు. మొన్నంటే నడిసేడు, ఆదివారం బండి పరిగెడితే ఆ మోకాళ్ళతో ఎంత దూరం పరిగెడతాడు? నాను మొదటిసారి డ్యూటీ సేత్తే మీ బావ గట్టు మీద ఉండిపోవాలా?” అంది. కాసేపు పొయ్యి తలుపు వైపు చూసింది. ఆ తరవాత ముఖం వెలిగిపోయింది. నా మోచెయ్యి పట్టుకుని లేవదీసింది, నా చొక్కాకి ఇంకో మసి చారిక పడింది.

“నువ్వు బిర్సానగర్ మీంచే కదా ఎల్తావు. మా ఇంటికాడ ఆగు. మీ బావ అరుగు మీద కూకుని ఉంటాడు. నాను పంపేనని అనకు. నల్లమ్మికి ఏదో సప్పుడొత్తంది, ప్రేమ్‌కుమారుక్కూడా అంతు సిక్కటం నేదు, బండి పరిగెడతన్నప్పుడు ఇంజను మీద నిలబడితేనే ఇనిపిత్తంది, అని అను. ఏ సప్పుడు, ఎటేపు సక్రం అని అడుగుతాడు. నీకు తెల్దను. గట్టిగా అడిగితే టక్కుమంటందని సెప్పి నోరు మూసుకో, నీ సొంతం ఏటీ కలపకు, దొరికిపోతాం. ఆ ఒక్క ముక్క సెవినేసి వచ్చీ, సాలు. ఎల్లు బాబూ, బేగెల్లు, ఆయన లోపలికెల్లి తలుపేసుకోకముందే.”